పేర్లు వేయబడును

కావలి ట్రంకురోడ్డులో స్టీలు కొట్టు మెట్ల మీద
నా బల్ల, నా ప్లగ్గు, నా సూది.
కొట్టాయన గిన్నె అమ్ముతాడు,
నేను దానికి మనిషిని తగిలిస్తా.
పంటి డాక్టరు మిషన్ మాదిరి జుయ్యిమంటది,
పిల్లకాయలు చెవులు మూసుకుంటారు.

ముప్పయ్యేళ్ళుగా ఆడోళ్ళ పేర్లే రాస్తా ఉండా.
పేరు చెప్తే ఊరు చెప్పేస్తా.
పెంచలమ్మంటే కోన మొక్కు.
చెంగమ్మంటే సూళ్ళూరుపేట సైడు.
వెంగమ్మా? నర్రవాడ తిరణాళ్ళకి బండి కట్టిన ఇల్లు.
మస్తానమ్మ నుదుట్న రూపాయంత బొట్టుతో వస్తది,
కసుమూరు దర్గాలో వాళ్ళమ్మ కొంగు పరిచి అడుక్కున్న బిడ్డ.
నేను నూర్బాషా సైదుల్ని. మా మేనత్తల్లో
సైదమ్మా ఉంది, సీతమ్మా ఉంది.
ఎవురూ ఇదేందని అడగలా.

పెంటమ్మ దగ్గర మాత్రం సూది నిదానిస్తది.
ముందు పుట్టిన ముగ్గురూ దక్కకపోతే
నాలుగో బిడ్డకి అందమైన పేరు పెట్టరు.
దిబ్బ మీద పడుకోబెట్టి,
చాటెడు నూకలకి పక్కింటామెకి అమ్మి, మళ్ళీ కొనుక్కోని,
పెంటమ్మా అని గట్టిగా పిలుస్తారు, సావుకి వినపడేట్టు.
బియ్యం డబ్బాలో గొలుసు దాచినట్టు
ముద్దంతా ఆ పేరు అడుగున దాచారు.

ఇంకో సంగతి.
ఏ వంటింట్లోకన్నా పోయి చూడండి,
గిన్నెల మీద చదివించినోళ్ళ పేర్లుంటాయి,
చచ్చిపోయినోళ్ళ పేర్లుంటాయి,
వండే మనిషి పేరు తప్ప.

మొన్న మంగళారం తుమ్మలపెంట బస్సు దిగి
ఒక అవ్వ ఇత్తడి బిందె చంకనబెట్టుకోని వచ్చింది.
మారకానికి కాదని ముందే చెప్పింది.
వెనకాల మనవరాలు, దాని చేతిలో నెలైనా నిండని పాప.
బిందె మెడ మీద, మిషన్లు లేని కాలంలో
ఉలితో చుక్కలు చుక్కలుగా కొట్టిన పేరు:
చాలమ్మ.

"అయిదో ఆడపిల్లని. మా నాయన దేవుడికి రాసిన జాబు అది.
దేవుడికి చదువు రాదు. నా తర్వాత ఇంకా ఇద్దరు."
"వాళ్ళకేం పేర్లు పెట్టారవ్వా?"
"బుజ్జమ్మ, చినబుజ్జమ్మ. ఇసుగొచ్చి."

అది గీరేసి పాప పేరు వెయ్యమనింది మనవరాలు.
ఇత్తడి గీరితే గుంట పడతది, పేరు పోదు.
నాకు ఒక ఆలోచన తట్టింది.
"అవ్వా, ల మీద ఒక్క దీర్ఘం లాగుతా.
చాలు పోయి చాలా అవుద్ది. బోలెడని."

చేప మొప్ప ఎత్తి చూసినట్టు చూసింది బిందెని.
"వద్దబ్బయా. ఎనభయ్యేళ్ళు ఆ పిలుపుకే పలికినా.
గాలివాన రోజు మా ఆయన పడవ మీంచి అరిచిందీ ఆ పేరే.
దీర్ఘం పెడితే ఆయన గుర్తుపట్టడు.
దాని కిందనే పాపది వెయ్యి."

హన్విక.
అర్థం ఏందమ్మా అంటే మనవరాలు ఫోన్ చూసింది.
"ఒక చోట తేనె అని ఉంది. ఇంకో చోట లక్ష్మీదేవి అని."
"ఏదో ఒకటి," అనింది అవ్వ, "పిల్లే తేల్చుకుంటది."
న కింద వ-ఒత్తు బిందె వంపులో కాస్త జారింది.
పాప జుయ్యిమనే చప్పుడుకి ఏడవలా,
కళ్ళు తెరిచి వినింది.

ఆ రాత్రి మిషను ఇంటికి మోసుకుపోయినా.
పప్పుగిన్నె బోర్లించి, ప్లగ్గు పెట్టి, నీ పేరేస్తా అన్నా.
మా ఆవిడ చేతులు తుడుచుకుంటా అడిగింది:
"యా పేరు? మా అమ్మ పెట్టిందా,
నిఖాలో మీవాళ్ళు మార్చిందా,
రేషన్ కార్డులో తప్పు పడిందా?"

సూది తిరగతానే ఉంది.